బిడ్డ శయ్య వద్ద పుట్టిన సంశయం

నాస్తికులు పలు తెరగులు. ఇంద్రియభోగాలకు అడ్డు రాకూడదని దైవాన్ని కాదనేవారు కొందరు. పాండిత్య ప్రకర్ష కోసం కాదనేవారు మరికొందరు. కన్నబిడ్డ వేదన చూచి, దయామయుడైన దైవం ఉంటే ఇదెందుకని అడిగి, సమాధానం దొరకక విశ్వాసం విడిచినవారూ ఉన్నారు. డాక్టర్ అనీబిసెంట్ ఈ చివరి కోవకు చెందినవారు. కాశీలో హిందూ కళాశాల నెలకొల్పిన విదుషీమణిగా ఆమెను మనం ఎరుగుదుం. అంతకు పూర్వం సుమారు పదిహేనేళ్లు ఆమె నిరీశ్వరవాదిగా జీవించిన సంగతి ఎరిగినవారు తక్కువ.

ఆమె 1847 అక్టోబరు 1న లండను నగరంలో జన్మించారు. అయిదేళ్ల ప్రాయంలో తండ్రి గతించారు. కన్నెప్రాయంలో ఆమె భక్తి గాఢమైనది. ఉపవాసాలు సైతం ఉండేవారు. దైవసేవకు అనువైన మార్గమని తలచి 1867లో ఫ్రాంక్ బిసెంట్ అనే క్రైస్తవ మతాచార్యుని వివాహమాడారు. ఆ దాంపత్యం సుఖప్రదం కాలేదు. 1869లో డిగ్బీ అనే కుమారుడు, 1870లో మేబెల్ అనే కుమార్తె కలిగారు.

1871లో పసికందు మేబెల్‌కు కోరింత దగ్గు సోకింది. మంచం చుట్టూ డేరా వలె బట్ట కట్టి, ఆవిరి పట్టిస్తూ, ఆ తల్లి వారాల తరబడి రేయింబవళ్లు బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు. దగ్గు తెర వచ్చినప్పుడల్లా ఇక ప్రాణం పోయినట్లే ఉండేది. ఆశ వదలుకున్న దశలో వైద్యుడు చేతిరుమాలుపై చుక్క క్లోరోఫారం వేసి వాసన చూపే ఉపాయం చేశారు. బిడ్డ బ్రతికింది. మన ఇళ్లలోనైతే అటువంటి గండం గడిచాక మొక్కు తీర్చుకొనేవారు. ఆమెకు మాత్రం మొక్కుకు బదులు ప్రశ్న మిగిలింది. ఏ పాపమూ ఎరుగని శిశువుకు ఆ యాతన ఎందుకు?

ఆ ప్రశ్నతో ఆమె ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, మహాపండితుడైన పూసీ అనే మతాచార్యుని ఆశ్రయించారు. చదివింది ఎక్కువైనదనీ, ఇక ప్రశ్నించడం మాని ప్రార్థించాలనీ ఆయన సెలవిచ్చారు. పూసీ నిష్ఠాపరుడే, అయినా ఆయన తీరు నాకు రుచించదు. మరణానంతరం జీవుడున్నాడా లేడా అని నచికేతుడు సాక్షాత్తు యముని ఎదుట అడిగాడు. యముడు సంపదలు ఆశ చూపి తప్పించబోయాడు గాని, అడగడమే పాపమనలేదు. పూర్వపక్షం వినకుండా సిద్ధాంతం చెప్పే ఆచారం మన శాస్త్రాలలో లేదు.

1873లో భర్త కఠినమైన నియమం పెట్టారు. చర్చిలో ప్రభుభోజన సంస్కారం అందరితో పాటు స్వీకరించాలి. కాదంటే ఇల్లు విడవాలి. నమ్మనిదానిని నమ్మినట్లు నటించలేక ఆమె ఇల్లు విడిచారు. మరుసటి ఏడు తల్లి మరణశయ్యపై ఉండి, కుమార్తె కూడా స్వీకరిస్తేనే తానూ ఆ సంస్కారం పొందుతానని పట్టుబట్టారు. అవిశ్వాసికి ఇవ్వజాలమని మతాచార్యులు నిరాకరించారు. చివరకు వెస్ట్‌మినిస్టర్ ప్రధానాచార్యుడు స్టాన్లీ, ఆమె తన అవిశ్వాసం దాచకుండా చెప్పినా కాదనక, స్వయంగా వచ్చి తల్లీకూతుళ్లిద్దరికీ సంస్కారం జరిపించారు.

అదే 1874లో ఆమె చార్లెస్ బ్రాడ్లా నడిపిన నాస్తిక సంఘంలో చేరారు. దేవుడు లేడని సిద్ధాంతీకరించడం వారి వాదం కాదు. దైవమనే మాటకు తమకు అర్థం గోచరించడం లేదన్నదే వారి వాదం. సంతాన నియంత్రణపై నిషిద్ధమైన ఒక చిరుపుస్తకాన్ని ప్రచురించినందుకు 1877లో వారిద్దరూ న్యాయవిచారణ ఎదుర్కొన్నారు. 1878లో న్యాయస్థానం ఆ ప్రచురణనూ, ఆమె నాస్తిక్యాన్నీ కారణాలుగా చూపి మేబెల్‌ను తల్లి నుండి వేరు చేసి తండ్రికి అప్పగించింది. ఏ బిడ్డ బాధ చూచి ఆమె నమ్మిక పోగొట్టుకున్నారో, నమ్మిక పోయిన నేరానికి ఆ బిడ్డనే పోగొట్టుకున్నారు. యుక్తవయస్కులయ్యాక పిల్లలిద్దరూ తల్లి చెంతకే చేరారు.

1888లో లండను అగ్గిపెట్టెల కర్మాగారంలో సుమారు 1,400 మంది స్త్రీలు సమ్మె చేసినప్పుడు ఆమె వారి పక్షాన నిలిచి గెలిపించారు. పుణ్యం వస్తుందన్న ఆశ అప్పుడామెకు లేదు. ఈ మాట మనవంటివారు కాస్త ఆగి ఆలోచించదగినది.

1889లో బ్లావట్‌స్కీ రచించిన బృహద్గ్రంథాన్ని పత్రికలో సమీక్షించే పని ఆమెకు వచ్చింది. అది చదివి దివ్యజ్ఞాన సమాజంలో చేరారు. కర్మ సిద్ధాంతంలోనూ పునర్జన్మలోనూ ఆమెకు సమాధానం లభించింది. ఒకనాడు విశ్వాసులు వెలివేశారు. ఈసారి నాస్తిక మిత్రులు దూరమయ్యారు. 1893 నవంబరులో భారతదేశం చేరారు. 1895లో భగవద్గీతకు ఆంగ్లానువాదం వెలువరించారు. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కళాశాల స్థాపించారు. 1915లో మన మదనపల్లెలోనూ కళాశాల వెలసింది. దివ్యజ్ఞాన సమాజపు మాటలన్నీ మన పెద్దలు అంగీకరించలేదు, నేనూ అంగీకరించను.

ఆమె చరిత్రలో నన్ను కలవరపరచే ఘట్టం మరొకటున్నది. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా భావించి ఆమె పెంపకానికి తీసుకున్నారు. తన కుమారులను తిరిగి అప్పగించమని తండ్రి నారాయణయ్య మద్రాసులో దావా వేసి గెలిచారు. 1914లో లండను ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పును త్రోసిపుచ్చింది. న్యాయస్థానం బిడ్డను వేరు చేస్తే కడుపుకోత ఎట్టిదో ఎరిగిన తల్లి, ఈసారి గెలిచిన పక్షాన నిలిచారు. ఆ తండ్రి దుఃఖం ఆమెకు తెలియదనుకోలేను.

1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో కృష్ణమూర్తి, తన కోసమే నెలకొల్పిన సంఘాన్ని రద్దు చేసి, గురుత్వాన్నీ మతసంస్థలనూ త్రోసిపుచ్చారు. ఎనభై ఒక్కేళ్ల అనీబిసెంట్ సభలోనే కూర్చొని అది విన్నారు. భర్త తన ఎదుట పెట్టినటువంటి నియమం ఆమె కృష్ణమూర్తికి పెట్టలేదు, పుత్రవాత్సల్యమూ తగ్గించుకోలేదు. 1933 సెప్టెంబరు 20న అడయారులో ఆమె కన్నుమూశారు. హైందవ పద్ధతిన అక్కడే చితి పేర్చారు.