సుబ్బారావుగారి ల్యాబ్‌లో పుట్టిన తగువు

నేను మనుబోలు హైస్కూల్లో చదివేటప్పుడు ఏడాదికోసారి ఆరోగ్య సిబ్బంది వచ్చి బోదకాలు రాకుండా మాత్రలు మింగించేవాళ్ళు. వాళ్ళ కళ్ళముందే మింగాలి, జేబులో వేసుకుంటే కుదరదు. ఆ డీఈసీ మందు ఒక తెలుగాయన నడిపిన ల్యాబ్ నుంచి వచ్చిందని బీటెక్ మూడో ఏడాదిలో, ఐపీఆర్ ఎలక్టివ్ పుణ్యమా అని తెలిసింది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. సొంత అన్న స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి ఒక ప్రొఫెసర్‌కి కోపం తెప్పించినందుకు ఎంబీబీఎస్ రాలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. 1923లో భార్యని ఇక్కడే వదిలి బోస్టన్ వెళ్ళారు, మళ్ళీ తిరిగి రాలేదు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, ఏటీపీ మీద పనిచేశారు. అయినా పర్మనెంట్ ఉద్యోగం దక్కలేదు. 1940లో అమెరికన్ సైనమిడ్ కంపెనీకి చెందిన లెడర్లీ ల్యాబ్‌లో చేరారు. అన్నని తీసుకుపోయిన స్ప్రూకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని ఆయన టీమే తయారుచేసింది. తన పని మీద తన పేరు వేయించుకునే అలవాటు మాత్రం ఆయనకి లేదు.

ఆయన డైరెక్టర్‌గా ఉన్న రోజుల్లోనే డగ్గర్ అనే ముసలి వృక్షశాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948 జూలైలో దాన్ని లోకానికి ప్రకటించారు. మరుసటి నెలలోనే సుబ్బారావు పోయారు, 53 ఏళ్ళకి.

అసలు కథ ఆ తర్వాతది. ఆరియోమైసిన్ నుంచి ఒక క్లోరిన్ పరమాణువు తీసేస్తే టెట్రాసైక్లిన్. దాన్ని ఫైజర్‌లో కోనోవర్ చేశారు. పేటెంట్ మాదంటే మాదని ఫైజర్, సైనమిడ్, బ్రిస్టల్ పోటీపడ్డాయి. 1954లో ఫైజర్, సైనమిడ్ ఒక ఒప్పందానికొచ్చాయి: ఎవరు గెలిచినా రెండోవాళ్ళకి లైసెన్స్. ఇక పేటెంట్ ఆఫీసు పరీక్షకుడికి ఒక్క అనుమానం మిగిలింది. ఆరియోమైసిన్ పులియబెట్టిన ద్రవంలో టెట్రాసైక్లిన్ ముందే ఉందేమో? ఉంటే అది కొత్తది కాదు, పేటెంట్ రాదు. ఆయన్ని నమ్మించారు, 1955లో పేటెంట్ వచ్చింది. ఆ తర్వాత మార్కెట్లో ఐదు కంపెనీలు, అందరిదీ ఒకటే రేటు. వంద క్యాప్సూల్స్ సీసా షాపులకి 30.60 డాలర్లు, కొనేవాళ్ళకి 51.

పేటెంట్ అంటేనే చట్టం ఇచ్చే గుత్తహక్కు కదా, మరి పోటీ చట్టం ఎందుకు దూరింది అని నాకూ అనిపించింది. పేటెంట్ ఉండటం తప్పు కాదు. నిజం దాచి తెచ్చుకుని, దాన్ని అడ్డం పెట్టి మిగతావాళ్ళని బయట ఉంచడం తప్పు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1958లో కేసు వేసి అదే వాదించింది. మధ్యలో ఒకసారి కోర్టు తిప్పి పంపింది, కారణం వింటే నవ్వొస్తుంది: కమిషన్ ఛైర్మన్ అంతకుముందు మందుల ధరల మీద విచారణ చేసిన కెఫావర్ సెనేట్ కమిటీలోనే లాయరు. చివరికి 1968లో కమిషన్ మాటే నిలిచింది, అడిగినవాళ్ళకి 2.5 శాతానికి మించని రాయల్టీకి లైసెన్స్ ఇవ్వాలని. రేట్లు కూడబలుక్కున్నారన్న క్రిమినల్ కేసు మాత్రం వీగిపోయింది. 1967లో దోషులన్నారు, 1973లో నిర్దోషులన్నారు. నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇదంతా చదివే టైమ్‌కే మా టీమ్ రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గితే మోగే పరికరానికి పేటెంట్ అప్లికేషన్ రాస్తోంది. పాత సీనియర్ల ప్రాజెక్ట్ రిపోర్ట్ ఒకటి నా కంటపడింది, మా సర్క్యూట్ సగం అందులోనే ఉంది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందని మావాడొకడు అన్నాడు. రెండ్రోజులు మాటల్లేవు. చివరికి ఆ రిపోర్ట్ పేరు, సంవత్సరం అప్లికేషన్‌లో రాశాం. తొమ్మిది క్లెయిములు రెండయ్యాయి.