బళ్ళారి రాఘవ

ఆంధ్ర నాటకరంగ చరిత్రమున బళ్ళారి పట్టణమునకు గల స్థానము మిక్కిలి పెద్దది. తెలుగు కన్నడములు రెండును ఒకే వీథిలో వినవచ్చు ఆ యూర పందొమ్మిదవ శతాబ్ది కడపటి భాగమున ఇరువురు న్యాయవాదులు నాటకకర్తలై వెలసిరి. ఒకరు ధర్మవరము రామకృష్ణమాచార్యులు. రెండవవారు కోలాచలము శ్రీనివాసరావు. మొదటివారు సరసవినోదినీ సభను, రెండవవారు సుమనోరమా సభను నడపి ఒకరితో నొకరు పోటీపడుచు నాటకములు వ్రాసిరి, ఆడించిరి. ఆచార్యులవారికి ఆంధ్ర నాటక పితామహుడనియు, రావుగారికి చారిత్రక నాటక పితామహుడనియు లోకము బిరుదము లిచ్చినది. ఆ రెండు వాగులును వచ్చి కలిసిన మడుగువంటివాడు బళ్ళారి రాఘవ.

ఆయన పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన అనంతపురము జిల్లా తాడిపత్రిలో శ్రీవైష్ణవ కుటుంబమున జన్మించెను. ధర్మవరమువారు ఆయనకు మేనమామ. బళ్ళారిలో చదివి, మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రుడై, పిదప న్యాయశాస్త్రము నభ్యసించి 1905 ప్రాంతమున బళ్ళారిలోనే వకీలు వృత్తి నారంభించెను. క్రిమినలు వ్యాజ్యెములలో గట్టివాడని పేరు వచ్చినది. ప్రభుత్వము రావు బహద్దరు బిరుదము నొసగినది. నాటకమువలన బ్రతుకవలసిన యక్కర ఆయనకు లేదు. ఈ సంగతి చిన్నదిగా కనబడును గాని ఆయన నటజీవితమున సగము గుట్టు దీనియందే యున్నది. కూటికొరకు వేషము కట్టువాడు ప్రేక్షకునకు నచ్చినదే యాడవలెను. రాఘవ తనకు సరి యని తోచిన దాడెను. వచ్చిన రాబడిని తరచుగా ధర్మకార్యముల కిచ్చివేసెను.

అప్పటి రంగస్థలపు తీరు తెలియనిదే ఆయన చేసిన పని విలువ తెలియదు. హార్మోనియము శ్రుతి యిచ్చుచుండ నటుడు పాదపీఠమువద్దకు వచ్చి నిలిచి పద్యము నెత్తుకొనును. అర్థము ఒక పాలైన రాగము మూడు పాళ్లు. జనము వన్స్ మోర్ అని కేకలు వేసిన మరల పాడవలసినదే. చచ్చిపడిన పాత్రము సైతము లేచి ఆ పద్యమునే పాడి మరల పడిపోయిన సందర్భములు కలవు. ఇది యంతయు హాస్యముగా చెప్పుకొనుటకు బాగున్నది గాని, ఆ పద్యములలో కవిత్వ మున్నదనియు, చదువురాని రైతు కూడ వానిని కంఠస్థము చేసి పొలమున పాడుకొనెననియు మరువరాదు. తెలుగువాని చెవి పద్యమునకు అలవడిన చెవి. రాఘవకు మేనమామయైన ధర్మవరమువారే నాటకమున పాటకును పద్యమునకును పెద్దపీట వేసినవారు. మేనల్లుడు ఆ పీటనే కదలించెను.

భరతుడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెఱగులుగా విభజించెను గదా. ఆనాటి మన నటులు వాచికములో ఒక భాగమైన గానమును పట్టుకొని తక్కినవానిని విడిచిరి. రాఘవ సాత్త్వికమును పైకి తెచ్చెను. పాత్ర మేమి పాడవలె నని గాక, ఆ నిమిషమున దాని మనస్సున నేమి జరుగుచున్న దని ఆలోచించెను. మాటకు ముందు చూపు, చూపునకు ముందు మౌనము. ఇదియే ఆయన మార్గము. పద్యము భావమునకు అడ్డు వచ్చినచో నిర్దాక్షిణ్యముగా తగ్గించెను, లేదా వచనమువలె పలికెను. మన కవులలో తిక్కన సోమయాజి పాత్రల మనోగతమును కన్నుల కదలికలోను, నిలిచిన తీరులోను చూపినవాడు. విరాటపర్వములోని కీచకుని ఆ కన్నుతో చదివినవారికి రాఘవ పద్ధతి పరాయిదిగా తోచదు. ఆయన ఇంగ్లీషు నాటకములు చదివి ఈ మార్గము నేర్చెననుట కొంతవరకు నిజము. బీజము మన యింటనే కలదు.

హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, కీచకుడు, చాణక్యుడు, హిరణ్యకశిపుడు, రామదాసు ఆయన పేరుపొందిన పాత్రములు. షేక్స్పియరు నాటకములలో ఒథెల్లో, షైలాకు మొదలగు వేషములు ఆంగ్లముననే ధరించెను. తెలుగు, కన్నడము, హిందీ, ఇంగ్లీషు నాలుగింటను ఆడగలిగిన నటులు మనలో అరుదు. బెంగుళూరు అమెచ్యూరు సంఘమువారితో ఆయనకు చిరకాల స్నేహము. అన్నిటికంటె జనులు ఎక్కువగా చెప్పుకొన్నది విజయనగర పతనమును గూర్చిన కోలాచలమువారి నాటకములోని పఠాను రుస్తుము. పగతో రగులు ఆ మనిషి రంగముమీద కాలు పెట్టగనే ముందువరుసవారు బెదరిరని ప్రతీతి. 1927లో గాంధీమహాత్ముడు మైసూరు సీమలో విశ్రాంతి తీసికొనుచున్న దినములలో హిందీ దీనబంధు కబీరు నాటకమున రాఘవను చూచి మెచ్చెను. మరుసటి యేడు రాఘవ ఇంగ్లండునకు వెడలి, అచ్చటి నాటకశాలలను చూచి, బెర్నార్డు షా మున్నగువారిని కలిసికొనెను. పెద్దలు మెచ్చిన కథలనే మనవారు మరల మరల చెప్పుకొనిరి. ఆయన యే విధముగా నటించెనో వివరముగా వ్రాసి యుంచినవారు తక్కువ. ఇది విచారింపదగిన లోపము.

మెచ్చినవా రెంతమందియో నొచ్చినవారును అంతమంది. వారి యభ్యంతరములు త్రోసివేయదగినవి కావు. రాఘవకు గొప్ప కంఠము లేదు. పాటకొరకు టిక్కెట్టు కొన్నవాడు నిరాశతో తిరిగిపోయెను. పుస్తకములో నున్న మాటలనే పలుకవలెనను నియమము ఆయనకు లేదు. అప్పటి కావేశము వచ్చినట్లు మార్చెడివాడు. ఎదుటి నటుడు తన వంతు ఎప్పుడు వచ్చునో తెలియక తికమకపడెను. నాటకకర్తకు చేసిన యన్యాయ మని విమర్శకు లనిరి. ఈ మాటలో సత్యము కలదు. వ్రాతను గౌరవింపని నటుడు రాఘవయంతటి వాడైనచో చెల్లును. ఆయనను చూచి నేర్చిన చిన్నవారియందు అది వట్టి విశృంఖలత యగును. పద్యమును తగ్గించినందులకు మాత్రము ఆయనను తప్పుపట్టుట కష్టము. కొడుకు శవము నెదుట పెట్టుకొని పావుగంట రాగము తీయు తండ్రి లోకమున లేడు.

రెండవ వివాదము స్త్రీపాత్రములను గూర్చినది. పురుషులే చీర కట్టి నటించుట ఆనాటి యాచారము. స్థానము నరసింహారావువంటి మహానటుడు ఆ కళను పరాకాష్ఠకు తెచ్చియుండగా, రాఘవ అది అసహజమని నిర్భయముగా చెప్పెను. చెప్పి యూరకుండక, చదువుకొన్న కుటుంబస్త్రీలను రంగస్థలమునకు ఆహ్వానించెను. కొమ్మూరి పద్మావతీదేవి ఆయన సరసను నటించినది. పి. వి. రాజమన్నారు వ్రాసిన తప్పెవరిది అను సాంఘిక నాటకము ఇట్టి నటీనటులతో ప్రదర్శింపబడినప్పుడు, కిరీటములు గదలు లేని మధ్యతరగతి యిల్లు తెలుగు రంగముపై కనబడినది. ఆచారపరులు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. పరుల యింటి స్త్రీని సభ నెక్కించుట కంటె ఆమె పక్షమున నిందను మోయుట కష్టతరము. రాఘవ రెండును చేసెను.

చలనచిత్రములు ఆయనకు కలిసిరాలేదు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణము అను చిత్రమున దుర్యోధనుడుగా నటించెను. సురభి కమలాబాయి ద్రౌపది, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు. అదే యేడు, అదే కథతో ద్రౌపదీ వస్త్రాపహరణము వెలువడి ధనమును పేరును తానే గైకొన్నది. అందు దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ. జనము పద్యమునే కోరిరి.

1939లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన రైతుబిడ్డలో రాఘవ నర్సిరెడ్డి యను రైతు. ప్రభుత్వ బిరుదాంకితుడు, అరువదికి చేరువైన న్యాయవాది, తలపాగా చుట్టి, జమీందారీ దౌష్ట్యమున నలిగిన కాపుగా నిలిచెను. గొంతు పెంచడు, చేతులు విసరడు. భూమిని నమ్ముకొన్న మనిషి అవమానమును ఎట్లు మ్రింగునో అట్లే మ్రింగును. జమీందారులు ఆగ్రహించిరి. కొన్ని తావుల చిత్రప్రదర్శనము నిషేధింపబడినది. నటునికి వచ్చు మెప్పులలో ఇదియు నొకటి యని చెప్పవలెను. కేవలము వేషమే యైనచో ఎవరును భయపడరు గదా. 1940లో చండిక చిత్రమున కన్నాంబ, వేమూరి గగ్గయ్యలతో నటించి, సినిమాతో సంబంధమును ముగించెను.

ఆయన పోయిన పిమ్మటను పద్యనాటకము పోలేదు. చాల కాలము హార్మోనియము ముందే నడచినది. ఐనను సాంఘిక నాటకము లాడు యువకులు, స్త్రీపాత్రకు స్త్రీయే రావలె నన్నవారు, రాఘవ పేరు చెప్పియే అడుగు ముందుకు వేసిరి.

1946 ఏప్రిలు 16వ తేదీన రాఘవ బళ్ళారిలో కన్నుమూసెను. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. కన్నడిగులును ఆయనను తమవాడనియే భావించిరి. ఆ పట్టణమున ఆయన పేర రాఘవ కళామందిర మను నాటకశాల వెలసినది. అందు తెలుగు నాటకములును కన్నడ నాటకములును ఆడుదురు.