గులాం అహ్మద్: ఈడెన్‌లో మొదలై ఈడెన్‌లోనే ముగిసిన ఆట

హైదరాబాద్ క్రికెట్ అనగానే ఈ తరానికి అజారుద్దీన్, లక్ష్మణ్, సిరాజ్ గుర్తొస్తారు. వాళ్లందరికంటే చాలా ముందే ఈ నగరం నుంచి వెళ్లి భారత జట్టుకు కెప్టెన్ అయిన బౌలర్ ఒకరున్నారు. ఆయనే ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్.

1922 జులై 4న హైదరాబాద్‌లో పుట్టారు. 17 ఏళ్ల వయసులోనే, 1939-40 సీజన్‌లో రంజీ ట్రోఫీలోకి అడుగుపెట్టారు. టెస్టు పిలుపు కోసం మాత్రం చాలా ఏళ్లు ఆగాల్సి వచ్చింది. యుద్ధకాలంలో టెస్టులే లేవు. ఆ తర్వాత 1946లో ఇంగ్లండ్, 1947-48లో ఆస్ట్రేలియా వెళ్లిన జట్లలో ఆయనకు చోటు దక్కలేదు.

1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. నిజాం రాజ్యం భారత్‌లో కలిసింది. హైదరాబాద్ ముస్లిం కుటుంబాల్లో ఉండాలా, వెళ్లాలా అన్న చర్చ నడుస్తున్న రోజులవి. సరిగ్గా మూడున్నర నెలలకు, డిసెంబరు 31న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్‌పై గులాం అహ్మద్ భారత్ తరఫున తొలి టెస్టు ఆడారు. తొలి ఇన్నింగ్స్‌లోనే 4 వికెట్లు తీశారు.

పొడగరి కావడంతో బంతిని బాగా ఎత్తు నుంచి వదిలేవారు. అలసట లేకుండా గంటల కొద్దీ బౌలింగ్ చేయడం ఆయన ప్రత్యేకత. 1950-51లో ఇండోర్‌లో హోల్కర్ జట్టుపై ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశారు. 245 పరుగులిచ్చి 4 వికెట్లు పడగొట్టారు. ఇప్పటి బౌలర్లు ఒక్కోసారి సిరీస్ మొత్తంలో కూడా అన్ని ఓవర్లు వేయరు.

1952 ఫిబ్రవరిలో మద్రాసులో ఇంగ్లండ్‌ను ఓడించి భారత్ తొలి టెస్టు విజయం సాధించింది. హీరో వినూ మన్కడే. రెండో ఇన్నింగ్స్‌లో మన్కడ్‌తో సమానంగా 4 వికెట్లు తీసింది గులాం అహ్మద్. అదే ఏడాది లీడ్స్‌లో 63 ఓవర్లు వేసి 100 పరుగులకు 5 వికెట్లు తీశారు. అయితే భారత్ రెండో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగూ రాకముందే 4 వికెట్లు పోయాయి. ఆయన కష్టం అలా వృథా అయిన సందర్భాలు ఇంకా ఉన్నాయి. 1956లో ఈడెన్‌లో ఆస్ట్రేలియాపై 49 పరుగులకే 7 వికెట్లు, మ్యాచ్ మొత్తంలో 10 వికెట్లు తీసినా భారత్ ఓడిపోయింది.

కెప్టెన్సీ కూడా అంతే. 1955లో న్యూజిలాండ్‌పై సొంతూరి ఫతే మైదాన్‌లో తొలిసారి పగ్గాలు అందుకున్నారు. ఆ మ్యాచ్ డ్రా అయింది. 1958-59లో వెస్టిండీస్‌పై భారత్ ఒకే సిరీస్‌లో నలుగురు కెప్టెన్లను మార్చింది. అందులో రెండు టెస్టులకు గులాం సారథి. రెండూ ఓటమే. రెండోది ఈడెన్‌లో, ఇన్నింగ్స్ 336 పరుగుల తేడాతో. ఆ టెస్టు మొదలైంది కూడా డిసెంబరు 31నే, తొలి టెస్టుకు సరిగ్గా పదేళ్లకు. ఆ తర్వాత ఆయన మళ్లీ టెస్టు ఆడలేదు. 22 టెస్టుల్లో 68, ఫస్ట్‌క్లాస్‌లో 407 వికెట్లు ఆయన ఖాతాలో ఉన్నాయి.

ఆట వదిలినా క్రికెట్‌ను వదల్లేదు. 1975 నుంచి 1980 వరకు క్రికెట్ బోర్డు కార్యదర్శిగా పనిచేశారు. ఆ సమయంలోనే, 1979-80లో పాకిస్తాన్ జట్టు భారత్‌కు వచ్చింది. కెప్టెన్ ఆసిఫ్ ఇక్బాల్ హైదరాబాద్‌లోనే పుట్టి, 1961లో పాకిస్తాన్ వెళ్లినవారు. గులాం అహ్మద్‌కు దగ్గరి బంధువు. ఒకే కుటుంబం, రెండు దేశాలు. ఆసిఫ్ చివరి టెస్టు కూడా ఈడెన్‌లోనే జరగడం విచిత్రం.

1983 ప్రపంచకప్‌కు కపిల్‌దేవ్ జట్టును ఎంపిక చేసిన సెలక్షన్ కమిటీకి ఛైర్మన్ గులాం అహ్మదే. కెప్టెన్‌గా ఆయనకు దక్కని గెలుపు, ఆయన ఎంపిక చేసిన జట్టుకు లార్డ్స్‌లో దక్కింది. 1998 అక్టోబరు 28న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. పుట్టిన ఊరిని వదలకుండానే దేశం కోసం ఆడి, దేశం క్రికెట్‌ను నడిపిన మనిషి ఆయన. శివ్‌లాల్ యాదవ్, అర్షద్ అయూబ్ వంటి హైదరాబాదీ ఆఫ్ స్పిన్నర్లు టెస్టుల్లోకి వచ్చింది ఆయన వేసిన బాటలోనే.