అల్లరి గొంతే అన్నం పెట్టింది



బగ్స్ బన్నీ, డాఫీ డక్, ట్వీటీ మీ ఇంట్లో అందరికీ తెలిసినవే. దశాబ్దాల పాటు వీటన్నిటికీ గొంతు ఒక్కరిదే. ఆయనే మెల్ బ్లాంక్.

1908లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. స్కూల్లో గొంతులు మార్చి అందరినీ నవ్వించేవారు. ఇంటిపేరుకు తగ్గట్టే నువ్వూ ఖాళీగా మిగులుతావని ఓ టీచర్ అన్నారట. ఆ మాటకు నొచ్చుకుని పేరు స్పెల్లింగే మార్చుకున్నానని ఆయన చెప్పేవారు. టీచర్లం మేమూ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

1937 నుంచి కార్టూన్లలో ఆ గొంతులే ఆయనకు బతుకుతెరువు అయ్యాయి. 1961లో కారు ప్రమాదం జరిగి కోమాలోకి వెళ్లారు. డాక్టర్ బగ్స్ బన్నీని పలకరిస్తే, ఆ గొంతుతోనే బదులిచ్చారు! మంచం మీద నుంచే మళ్లీ రికార్డింగ్ చేశారు. 1989లో కన్నుమూశారు.

మీ పిల్లలు గొంతులు మారుస్తుంటే వెంటనే కసరకండి. ఓ నిమిషం వినండి.