చీపురు పట్టిన బాబా

ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లో విదర్భ పల్లెలకు అప్పుడప్పుడు ఒక వింత మనిషి వస్తుండేవారు. ఒంటిమీద రకరకాల పేలికలు కలిపి కుట్టిన బట్ట. ఒక చెవికి గవ్వ, రెండో చెవికి పగిలిన గాజు ముక్క. తలమీద బోర్లించిన మట్టి మూకుడు. చేతిలో చీపురు. ఆయనను చూసి కుక్కలు మొరిగేవి, పిల్లలు నవ్వుతూ వెంటపడేవారు. ఆయన అవేమీ పట్టించుకొనేవారు కారు. ఊళ్ళో అడుగు పెట్టగానే వీధి ఊడ్వడం మొదలుపెట్టేవారు. మురుగు కాలువల్లో పేరుకొన్న చెత్తను తీసి ఊరి బయట పోసేవారు. ఎవరో పాకీపనివాడనుకొని పెద్దమనుషులు పక్కకు తప్పుకొని పోయేవారు. పని ముగిశాక ఎవరైనా జొన్నరొట్టె ఇస్తే దానిని ఆ మూకుడులోనే పెట్టుకొని తినేవారు.

పొద్దు గుంకాక అదే మనిషి ఊరి నడుమ నిలబడి కీర్తన ఆరంభించేవారు. మహారాష్ట్రలో కీర్తన అంటే మన హరికథ వంటిది. కథ, పాట, నవ్వు, నీతి అన్నీ అందులో కలిసి ఉంటాయి. జనం వందలుగా చేరేవారు. వచ్చినవారు ఒక గొప్ప సాధువని అప్పటికి వారికి తెలిసేది. ఉదయం ముక్కు మూసుకొని తప్పుకొన్నవారే ఆయన పాదాలకు మొక్కాలని తోసుకొని వచ్చేవారు. ఆయన మాత్రం ఎవరినీ పాదాలు తాకనిచ్చేవారు కారు. ఉదయం చీపురు పట్టిన చేతులూ సాయంత్రం తాళం వేసిన చేతులూ ఒక్కటే. మారింది చూసేవారి చూపు మాత్రమే. ఆ చూపును సరిదిద్దడానికే జీవితమంతా ధారపోసిన ఆ మహనీయుడే గాడ్గే బాబా.

గాడ్గే బాబా అసలు పేరు దేబూజీ ఝింగ్రాజీ జానోర్కర్. ఆయన 1876 ఫిబ్రవరి 23న మహారాష్ట్రలోని అమరావతి జిల్లా షేండ్‌గావ్ గ్రామంలో జన్మించారు. ఇది కృష్ణా తీరాన ఉన్న అమరావతి కాదు. పత్తి పంటకు పేరుపొందిన విదర్భలోని అమరావతి. తండ్రి ఝింగ్రాజీ, తల్లి సఖూబాయి. బట్టలు ఉతకడం వారి కులవృత్తి. ఆ కులాన్ని మరాఠీలో పరీట్ అంటారు.

ఆనాటి గ్రామ జీవనాన్ని తెలుసుకొంటేనే ఆయన చేసిన పని విలువ తెలుస్తుంది. తెలుగు పల్లెల్లో పన్నిద్దరు ఆయగాండ్రు ఉన్నట్టే మరాఠీ పల్లెల్లో పన్నెండుమంది బలుతేదారులు ఉండేవారు. చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి మొదలైనవారు ఊరందరికీ ఏడాది పొడుగునా పని చేసేవారు. పంట వచ్చినప్పుడు రైతులు కళ్ళంలో వారికి కొంత ధాన్యం కొలిచేవారు. ఆ కొలత రైతు దయమీద ఆధారపడి ఉండేది. మైల బట్ట ఉతికిన చేతిని, వీధి ఊడ్చిన చేతిని తక్కువగా చూడడం ఆచారమైపోయింది. ఊరికి వారి పని కావాలి. ఊరి నడుమ వారు మాత్రం అక్కరలేదు. పని ఎంత అవసరమైనదైతే కూలి అంత తక్కువ, గౌరవం అంతకంటే తక్కువ.

దేబూజీ చిన్ననాడే తండ్రిని కోల్పోయాడు. తాగుడు అలవాటు ఝింగ్రాజీ ఆరోగ్యాన్ని, ఇంటిని గుల్ల చేసింది. సఖూబాయి కొడుకును వెంటబెట్టుకొని దాపురే అనే గ్రామంలోని తన పుట్టింటికి చేరింది. అక్కడ దేబూజీ మేనమామ ఇంట పశువులు కాశాడు, పొలం దున్నాడు, మోట తోలాడు. బడి ముఖం చూడలేదు. పని అంటే వెనుకాడని పిల్లవాడని ఊరంతా మెచ్చుకొనేది.

మేనమామకూ చదువు రాదు. వడ్డీవ్యాపారి చూపిన కాగితాలమీద వేలిముద్ర వేస్తూ పోయాడు. చివరకు పొలం వ్యాపారి వశమైంది. అక్షరం రానివాడి చెమటను అక్షరం వచ్చినవాడు ఎంత తేలికగా దోచుకోగలడో దేబూజీ కళ్ళారా చూశాడు. ఆ దెబ్బను ఆయన ఎన్నడూ మరచిపోలేదు. తర్వాతి కాలంలో ఆయన చేసిన ప్రతి కీర్తనలోనూ చదువు మాట తప్పనిసరిగా వచ్చేది.

దేబూజీకి కుంతాబాయితో వివాహమైంది. బిడ్డకు పేరు పెట్టే వేడుక వచ్చింది. అటువంటి వేడుకల్లో కులపెద్దలకు మద్యమూ మాంసమూ పెట్టడం ఆనవాయితీ. అందుకోసం పేదలు అప్పులు చేసేవారు. దేబూజీ ఆ పద్ధతిని కాదని బంధువులకు మిఠాయి భోజనం పెట్టాడు. బంధువులు గొణిగారు. కులాచారం చెడిందన్నారు. ఆయన చలించలేదు. తండ్రిని బలిగొన్న మద్యం తన గడప తొక్కరాదన్నదే ఆయన పట్టుదల.

1905లో దేబూజీ ఒక తెల్లవారుజామున ఇల్లు విడిచి వెళ్ళిపోయారు. సన్యాసులు అడవికో కొండకో పోవడం పరిపాటి. దేబూజీ జనం మధ్యకు వెళ్ళారు. ఏళ్ళ తరబడి కాలినడకన తిరిగారు. మట్టిపాత్రను మరాఠీలో గాడ్గే అంటారు. తలమీద టోపీగా, తినేటప్పుడు కంచంగా ఉపయోగపడే ఆ పాత్రవల్లనే జనం ఆయనను గాడ్గే బాబా అని పిలిచారు. పేలికల దుస్తులవల్ల గోధడే బువా అనీ అన్నారు. గోధడీ అంటే బొంత.

సాధువు చేతిలో కమండలమో దండమో ఉంటుంది. గాడ్గే బాబా చీపురునే ఎందుకు పట్టారు? ఆనాటి పల్లెల్లో కలరా, ప్లేగు వంటి వ్యాధులు తరచుగా వచ్చేవి. వాటికి తోడు ఇంటి చుట్టూ మురికి. ఆ మురికిని తీయడం ఫలానా కులంవారి పని అని మిగిలినవారు చేతులు కట్టుకొని కూర్చొనేవారు. మురికి చేసేవారు పెద్దలు, దానిని ఎత్తేవారు నీచులు అన్న తలక్రిందుల లెక్క ఒకటి సమాజంలో పాతుకుపోయింది. ఆ లెక్కను ఉపన్యాసంతో మార్చడం కష్టమని బాబా గ్రహించారు. అందుకే ముందు తానే చీపురు పట్టేవారు. మొదట జనం చోద్యం చూసేవారు. కాసేపటికి ఒకరిద్దరు సిగ్గుపడి చేయి కలిపేవారు. ఆపైన ఊరే కదిలేది. చీపురు ఏ ఒక్క కులానికీ చెందినది కాదని వారికి ఆ పూటకైనా తెలిసివచ్చేది.

ఆయన కీర్తన తీరు కూడా ప్రత్యేకమైనది. పెద్ద పెద్ద శాస్త్ర వాక్యాలు చెప్పేవారు కారు. విదర్భ పల్లె యాసలో జనాన్ని ప్రశ్నలు అడిగేవారు. వారిచేతనే జవాబు చెప్పించేవారు. దేవుని పేరుతో మూగజీవాలను ఎందుకు బలి ఇస్తున్నారని అడిగేవారు. పెళ్ళికి, తద్దినానికి అప్పు చేసి తరాల తరబడి వడ్డీ కట్టడం ఏమి ధర్మమని అడిగేవారు. తోటి మనిషిని అంటరానివాడని దూరం పెట్టి రాతి విగ్రహానికి మొక్కితే ఏమి ఫలమని నిలదీసేవారు. పండితులైనా పామరులైనా ఆ ప్రశ్నలకు తలవంచవలసి వచ్చేది. తినే కంచం అమ్మి అయినా పిల్లలను చదివించమని, కంచం లేకపోతే చేతిలో రొట్టె పెట్టుకొని తినవచ్చని ఆయన బోధించేవారు.

పండరిపురం పాండురంగని క్షేత్రం. ఆషాఢ, కార్తిక మాసాల్లో అక్కడికి లక్షలాది యాత్రికులు వస్తారు. చంద్రభాగ నది ఇసుకతిన్నెలు మాలిన్యంతో నిండిపోతాయి. గాడ్గే బాబా అక్కడ చీపురు పట్టి తిన్నెలను ఊడ్చేవారు. యాత్రికులు బసచేసే సత్రాల్లో అంటరానివారని ముద్రపడినవారికి ఆనాడు చోటు లేదు. ఎండలో వానలో పిల్లాపాపలతో ఆరుబయట పడి ఉండేవారు. వారికోసం బాబా విరాళాలు పోగుచేసి ఒక ధర్మశాల కట్టించారు. దానికి చోఖామేళా పేరు పెట్టారు. చోఖామేళా పద్నాలుగో శతాబ్దంలో జీవించిన భక్తకవి. మహర్ కులంలో పుట్టినందువల్ల ఆయనను గుడిలోకి రానీయలేదు. పండరిపురం ఆలయ ద్వారాలు దళితులకు తెరుచుకొన్నది 1947లో, సానే గురూజీ నిరాహారదీక్ష తర్వాతనే.

నాసిక్, దేహూ, ఆళంది మొదలైన చోట్ల కూడా బాబా ధర్మశాలలు వెలిశాయి. వైద్యంకోసం ముంబయి వచ్చే పేదలకు బస ఏర్పడింది. పూర్ణానది ఒడ్డున ఋణమోచన్ తీర్థంలో మెట్లరేవు కట్టించారు. బడులు, గోశాలలు, అనాథలకు, కుష్ఠురోగులకు అన్నవస్త్రాలు ఇచ్చే కేంద్రాలు నెలకొన్నాయి. లక్షలాది రూపాయల విరాళాలు ఆయన మాటమీద వచ్చాయి. కాని ఆయన చేతిలో ఉన్నది అదే చీపురు, అదే మూకుడు. ఈ సంస్థల మీద తన కుటుంబానికి ఎటువంటి హక్కూ లేకుండా ఆయన ఏర్పాటు చేశారు. 1952లో వీటి నిర్వహణకు గాడ్గే మహారాజ్ మిషన్ ఏర్పడింది.

సంతకం చేయడం రాని ఈ సాధువును చదువుకొన్న మేధావులు గౌరవించారు. పేద విద్యార్థులకోసం రయత్ శిక్షణ్ సంస్థను స్థాపించిన కర్మవీర భావురావ్ పాటిల్ ఆయనకు ఆప్తులు. ఆ సంస్థ కరాడ్‌లో నెలకొల్పిన కళాశాలకు గాడ్గే మహారాజ్ పేరే పెట్టారు. డాక్టర్ అంబేద్కర్ ఆయనకంటే పదిహేనేళ్ళు చిన్నవారు. ఒకరు విదేశాల్లో ఉన్నత విద్య అభ్యసించినవారు, మరొకరు అక్షరం నేర్వనివారు. అయినా వారిద్దరికీ ఒకరిమీద ఒకరికి అపార గౌరవం. పండరిపురంలోని చోఖామేళా ధర్మశాలను విద్యార్థుల వసతికోసం అంబేద్కర్ స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీకి బాబా అప్పగించారు.

1956 డిసెంబరు 6న అంబేద్కర్ కన్నుమూశారు. ఆ తర్వాత పద్నాలుగు రోజులకే, డిసెంబరు 20న, గాడ్గే బాబా అమరావతికి వెళ్తుండగా వలగావ్ సమీపాన పేఢీ నది వంతెన దగ్గర తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయస్సు ఎనభై సంవత్సరాలు. 1998లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా బిళ్ళ విడుదల చేసింది. 2000-01లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరున గ్రామ పరిశుభ్రతా ఉద్యమాన్ని ప్రారంభించి, శుభ్రంగా ఉన్న పల్లెలకు బహుమతులు ఇవ్వసాగింది. అమరావతి విశ్వవిద్యాలయం 2005లో ఆయన పేరు దాల్చింది.

పేరు పెట్టడం సులువు, పని ప్రకారం మనిషిని తూచే అలవాటు మానడం కష్టం. గాడ్గే బాబా చీపురును తానై ఎంచుకొన్నారు. సాయంత్రం ఆయనకు కీర్తన వేదిక ఉంది, జనం మన్నన ఉంది. పుట్టుకవల్ల, పేదరికంవల్ల చీపురు పట్టవలసి వచ్చినవారికి ఆ వేదిక లేదు. మనుషులచేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం వచ్చాయి. అయినా మురుగు గుంతల్లో దిగి ఊపిరాడక మరణించేవారి వార్తలు ఆగలేదు. అటువంటి మరణం జరిగితే కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఈ కథ తెలుగువారికి దూరమైనది కాదు. బ్రతుకుతెరువుకోసం ఊళ్ళు విడిచి వెళ్ళిన తెలుగువారిలో కూలిపనులతో నగరాలను నిలబెట్టినవారు ఎందరో ఉన్నారు. ముంబయిలోని కామాఠీపురకు ఆ పేరు తెలుగునేల నుండి వచ్చిన కామాఠీ కూలీలవల్లనే వచ్చింది. బెంగళూరు, చెన్నై నగరాల వీధులను తెల్లవారకముందే ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. మనం బడికి నడిచే బాట శుభ్రంగా ఉందంటే అంతకుముందే ఎవరో నడుము వంచారన్నమాట.

మహాత్ములకు మొక్కడం అందరికీ తెలుసు. గాడ్గే బాబా కోరింది మొక్కు కాదు. వీధి ఊడ్చేవారిని, బట్టలు ఉతికేవారిని, ఇళ్ళలో అంట్లు తోమేవారిని పేరు పెట్టి మర్యాదగా పిలవాలి. అడిగినప్పుడు మనం తాగే గ్లాసుతోనే మంచినీళ్ళు ఇవ్వాలి. చేసిన పనికి తగిన కూలి, వేళకు ఇవ్వాలి. వారి పిల్లలు మన పక్కనే కూర్చొని చదువుకోవాలి. మనం చేసిన చెత్తను మన చేతులతోనే తీయాలి. ఇవి ఏ ఊళ్ళో జరుగుతాయో ఆ ఊళ్ళో గాడ్గే బాబా కీర్తన ఇంకా వినిపిస్తున్నట్టే.