మహర్షి దేవేంద్రనాథుని ఋణవిమోచనము

మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు నామము బ్రహ్మసమాజ చరిత్రతో పెనవైచుకొని యున్నది. ఆయన ఉపాసనలను గూర్చియు, హిమాలయ యాత్రలను గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది. ఋణదాతల నడుమ ఆయన గడపిన సంవత్సరములను గూర్చి మాత్రము మన పాఠకులు విన్నది తక్కువ. భూవసతి గల గృహస్థులకును, వర్తకులకును ఆ కథతోనే యెక్కువ పని యున్నదని మేము తలంచుచున్నాము. తండ్రి చేసిన యప్పు కుమారుని ఎంతదూరము వెంబడించును? కుటుంబ పోషణార్థము వేరుపరచిన భూమిపై ఋణదాతలకు హక్కు గలదా? ఈ వివాదములు లేని న్యాయస్థానము మన జిల్లాలలో నేటికిని లేదు.

దేవేంద్రనాథుడు 1817-వ సంవత్సరమున కలకత్తాలో జోడాసాంకో ఠాకూరుల వంశమున జన్మించెను. తండ్రి ద్వారకానాథుడు నాటి వంగదేశ వర్తకులలో అగ్రగణ్యుడు. 1829లో ఏర్పడిన యూనియన్ బ్యాంకునకు ఆయన ముఖ్యస్తంభము. 1834లో విలియం కార్ అను ఆంగ్లేయుని భాగస్వామిగ జేర్చుకొని కార్ ఠాకూర్ కంపెనీని నెలకొల్పెను. నీలిమందు, పట్టు, రాణీగంజి బొగ్గుగనులు, ఓడల వర్తకము — ఆయన చేయి పెట్టని వ్యాపారము లేదు. రాజ్యము లేకున్నను జనులాయనను ప్రిన్స్ అని పిలిచిరి.

ఇంతటి వర్తకుడు వర్తకమును మాత్రము పూర్తిగ నమ్మలేదు. 1840-వ సంవత్సరమున, సిరిసంపదలు తులదూగుచున్న కాలముననే, బిరాహింపూరు, షాజాద్‌పూరు, కాళీగ్రామము మున్నగు జమీందారీలను ట్రస్టు దస్తావేజు మూలమున ట్రస్టీల పరము చేసి, వాని యాదాయము కుమారులకు చెందునట్లు కట్టుదిట్టము గావించెను. కంపెనీ మునిగినను కుటుంబము మునుగరాదని ఆయన యుద్దేశము. వంగదేశమున జీమూతవాహనుని దాయభాగము ప్రమాణము. తండ్రి జీవించియుండగా కుమారునకు ఆస్తిలో పుట్టుకతో వచ్చు హక్కు అచట లేదు. కావున తండ్రి తన యాస్తిని తన యిచ్చవచ్చినట్లు వ్రాయవచ్చును. మన యాంధ్రదేశమున ప్రమాణమైన మితాక్షరమున అట్లు గాదు. పిత్రార్జితమున కుమారునకు పుట్టుకతోనే భాగము గలదు. అయినను తండ్రి యప్పు అధర్మకార్యములకై చేసినది కాకున్న, ఆ భాగమును ఆ యప్పునకు కట్టుబడవలసినదేయని న్యాయస్థానములు చిరకాలము నిర్ణయించుచు వచ్చినవి. హిందూ వారసత్వ చట్టమునకు 2005లో జరిగిన సవరణ, ఆపైని చేసిన ఋణముల విషయమున, ఈ పుత్రధర్మమొక్కటే ఆధారముగ కుమారునిపై దావా నడువదని శాసించినది.

ద్వారకానాథుడు 1846 ఆగస్టు 1-వ తేదీన లండనులో మరణించెను. కంపెనీలో తనకున్న సగపాలు పెద్దకుమారునికే చెందవలెనని ఆయన మరణశాసనము. దేవేంద్రనాథుడు దానిని తాను మాత్రమే యుంచుకొనక తమ్ములగు గిరీంద్రనాథ, నగేంద్రనాథులకు సమానముగ పంచియిచ్చెను. ఆ పంచియిచ్చినది లాభమో, ఉరిత్రాడో త్వరలోనే తేలినది. 1847లో లండను వర్తకగృహములు వరుసగ కూలినవి, నీలిమందు వ్యాపారము చెడినది. ఆ వ్యాపారులకే, అందును తన డైరెక్టర్ల కంపెనీలకే, మితిమీరి అప్పులిచ్చిన యూనియన్ బ్యాంకు తలుపులు మూసికొనెను. 1848 ఆరంభమున కార్ ఠాకూర్ కంపెనీయు చెల్లింపులు నిలిపివేసెను. దేవేంద్రనాథుడు స్వీయచరిత్రమున చెప్పిన లెక్క ప్రకారము అప్పు 1 కోటి రూపాయలు, రావలసినది 70 లక్షలు. కొరత 30 లక్షలు.

ఇచట నాటి న్యాయవిధానమును కొంత తెలిసికొనవలెను. కలకత్తా నగరము ఆంగ్ల న్యాయవిధానముననుసరించు సుప్రీంకోర్టు అధికారమున నుండెను. డిక్రీ పొందిన ఋణదాత షరీఫుచే వారెంటు నడిపించి ఋణగ్రస్తుని చెరసాలలో వేయించవచ్చును. దీనినుండి తప్పించుకొనుటకు 1828-వ సంవత్సరపు చట్టముచే ఏర్పడిన దివాలా న్యాయస్థానముండెను. 1848లో ఆ స్థానమున మరియొక చట్టము వచ్చెను. ఋణగ్రస్తుడు అర్జీ దాఖలుచేసి, తన యాస్తులను అప్పులను ప్రమాణపూర్వకముగ పట్టికలో చూపవలెను. ఆస్తి అసైనీ యను అధికారి పరమగును. అతడు దానినమ్మి ఋణదాతలకు దామాషాగ పంచును. ఋణగ్రస్తునకు చెర తప్పును. మన పట్టణములలో ఐ.పి. పెట్టుట యనునది ఈ విధానము సంతతియే.

దేవేంద్రనాథునకు ఈ మార్గము తెరచియే యున్నది. ట్రస్టు జమీందారీలను ఆయన పట్టికలో ఆస్తిగ చూపనక్కరయు లేదు. దివాలా దాపురించిన పిమ్మట, ఋణదాతలను వంచించుటకై భార్యపేరనో బావమరిది పేరనో వ్రాసిన బినామీ దస్తావేజును న్యాయస్థానములు అంగీకరింపవు. 1882-వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 53-వ సెక్షను దీనికొరకే పుట్టినది. 1920-వ సంవత్సరపు రాష్ట్రీయ దివాలా చట్టము, అర్జీకి పూర్వము రెండేండ్లలోపల ప్రతిఫలము లేకుండ చేసిన బదిలీలను త్రోసివేయుటకు వీలు కల్పించినది. ద్వారకానాథుని ట్రస్టు ఇట్టిది గాదు. అప్పుల భయము లేనినాడు, పతనమునకు ఎనిమిదేండ్లు ముందు వ్రాసినది. దానిని కొట్టివేయింపగోరు ఋణదాతలు వకీళ్ల ఫీజులకే సగము సొమ్ము సమర్పించుకొనవలసియుండెడిది.

ఋణదాతల సభ సమావేశమయ్యెను. కంపెనీ ముఖ్యోద్యోగియగు గార్డన్ లెక్కలు చదివి, ట్రస్టు ఆస్తిపై వారికెట్టి హక్కును లేదని తెలియజేసెను. అప్పుడు దేవేంద్రనాథుడు గిరీంద్రనాథునితో ఆలోచించి, ఇరువురును ఏకమై, ఆ జమీందారీలను సైతము ఋణదాతల స్వాధీనము చేయుదుమని ప్రకటించిరి. సభలో కన్నీరు పెట్టుకొన్నవారు కలరట. ఋణదాతలు ఆస్తుల నిర్వహణమును తమ చేతిలోనికి తీసికొని, కుటుంబ పోషణమునకై సాలీన 25,000 రూపాయలు ఇచ్చుటకు అంగీకరించిరి.

ఈ త్యాగమును పొగడుట సులభము. దానియందొక చిక్కున్నది, దానిని దాటిపోవుట మాకిష్టము లేదు. నాటికి ఆయనకు చిన్నపిల్లలు కలరు. పెద్దకుమారుడు ద్విజేంద్రనాథునకు ఎనిమిదేండ్లైనను నిండలేదు. తాత మనుమల కూటికొరకు కట్టిన కంచెను తండ్రి తన మనశ్శాంతికొరకు తెరువవచ్చునా? దాయభాగము ఆ పిల్లలకు అడుగు హక్కు నీయలేదు గాని, హక్కు లేనంతమాత్రమున ప్రశ్న లేకపోదు. తండ్రి సంతకమును నమ్మి అప్పిచ్చినవారికిని పిల్లలుండిరి. ఆ నమ్మకముతో గడించిన వైభవమును ఈ పిల్లలును అనుభవించియుండిరి. మేము దేవేంద్రనాథుని పక్షముననే నిలుతుము. దాచిపెట్టక ముందుకు వచ్చినవానికి ఋణదాతలు గడువిత్తురన్న లౌకిక సత్యముకూడ ఆయన పక్షముననే యున్నది. రెండేండ్లు గడవకమునుపే వారు నిర్వహణమును తిరిగి ఆ సోదరుల చేతికే అప్పగించిరి.

పిమ్మటి జీవితము సుఖమైనది గాదు. బండ్లు, గుఱ్ఱములు అమ్ముడుపోయినవి, నౌకర్లు తగ్గిరి, భోజనము, వస్త్రము సామాన్యమయ్యెను. వ్యవహారదక్షుడగు గిరీంద్రనాథుడు 1854లో చనిపోగా భారమంతయు అన్నపై బడెను. ఒక ఋణదాత డిక్రీ పొంది వారెంటు తెచ్చి ఆయనను పట్టించినదియు నాటి దినములలోనే, బంధువులు విడిపించిరి. (చెల్లింపలేని పేదరికమొక్కటే సివిలు ఖైదునకు చాలిన కారణము కాదని మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పుటకు 1980 వరకు కాలము పట్టినది.) అట్లే మెల్లమెల్లగ, ఏండ్ల తరబడి, అప్పులన్నియు తీరినవి. తండ్రి కలకత్తాలోని ఒక ధర్మసంఘమునకు లక్ష రూపాయలిత్తునని వాగ్దానము చేసి ఈయకయే మరణించెను. ఏ న్యాయస్థానమును బలవంతపెట్టకయే ఆ లక్షయు వడ్డీతో సహా చెల్లినది.

ట్రస్టు దస్తావేజుల విలువ ఆయన మరువలేదు. శాంతినికేతన ఆశ్రమమునకై 1888లో తానే యొకటి వ్రాసెను. 1905 జనవరి 19-వ తేదీన ఆయన కాలధర్మము నొందెను. ఋణదాతల సభలో వదలుకొనుటకు సిద్ధపడిన జమీందారీలు కుటుంబమునకే మిగిలినవి. 1890 ప్రాంతమున వాని పెత్తనమును కుమారుడు రవీంద్రనాథునకు అప్పగించి, లెక్కలు తానే స్వయముగ తనిఖీ చేయుచుండెడివాడు. బిరాహింపూరులోని శిలైదహ, షాజాద్‌పూరు, కాళీగ్రామములోని పతిసరము — రవీంద్రుని కథలు, జాబులు చదివినవారికి ఈ పేర్లు క్రొత్తవి కావు. నేడవి బంగ్లాదేశమున నున్నవి.