ఖజానా చేతలేని మంత్రి: పానగల్ రాజావారు

చెన్నై త్యాగరాయనగరంలోని పానగల్ పార్కును ఎరుగని తెలుగు కుటుంబం ఈ ఊళ్ళో ఉండదు. కాని ఆ పానగల్ ఎవరని పిల్లలడిగితే చెప్పగల పెద్దలు నానాటికీ తగ్గిపోతున్నారు.

వీరి అసలు పేరు పానుగంటి రామరాయణింగారు. 1866 జూలై 9న కాళహస్తిలో జమీందారీ కుటుంబంలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, సంస్కృతంలో గట్టి పాండిత్యం సంపాదించారు. జస్టిస్ పార్టీలో చేరి, 1920లో మంత్రియై, 1921 జూలైలో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పదవిలో 1926 డిసెంబరు వరకు ఉన్నారు. రాజా బిరుదం ఈ నడుమ వచ్చినదే.

పదవి పెద్దదే గాని, చేతిలో డబ్బు లేదు. 1919 నాటి ద్వంద్వ ప్రభుత్వ ఏర్పాటులో వైద్యం, ప్రజారోగ్యం, స్థానిక స్వపరిపాలన మంత్రులకు వచ్చాయి. ఆర్థికశాఖ మాత్రం గవర్నరు సలహాసభ సభ్యుని వద్దనే నిలిచిపోయింది. గరిటె కోడలి చేతికిచ్చి, కొట్టుగది తాళంచెవి అత్తగారు కొంగున ముడివేసికొన్నట్లు! రోగాలకు ప్రజలు మంత్రిని నిందిస్తారు. డబ్బుకు మంత్రి మరొకరిని అడుగుకోవాలి.

పల్లెపల్లెకూ ఆసుపత్రి కట్టి డాక్టరుకు నెలజీతమిచ్చే స్తోమత ఎలాగూ లేదు. పట్నంలో చదివిన డాక్టరు పల్లెకు పోడు, పోయినా అక్కడ బ్రతకలేడు. అందుచేత రాజావారి ప్రభుత్వం ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. పల్లెలో కాపురముండే డాక్టరుకు ఏటా కొంత సహాయధనం ముట్టుతుంది. కలవారి దగ్గర అతడు ఫీజు పుచ్చుకోవచ్చు, పేదలను మాత్రం ఊరకే చూడాలి. ఇది అన్ని పల్లెలకూ అందలేదు. అయినా తక్కువ డబ్బుతో డాక్టరును పల్లెకు కదిలించిన ఉపాయం ఇది.

అంతకన్నా పెద్ద రగడ దేవాలయాల డబ్బుతో వచ్చింది. దేవుని మాన్యాల రాబడి ఎవరి చేతుల్లో ఖర్చవుతున్నదో లెక్క అడిగే నాథుడు లేడు. 1922లో రాజావారు హిందూ దేవాదాయ బిల్లు తెచ్చారు. ధర్మకర్తలు లెక్కలు చూపాలి, పైన ఒక బోర్డు ఉండాలి, మిగులు ధనాన్ని మత, విద్యా, ధర్మకార్యాలకు వినియోగించవచ్చు, ఇదీ దాని సారం. మతంలో సర్కారు చెయ్యి పెడుతున్నదని మఠాల పక్షంవారు గగ్గోలు పెట్టారు. బిల్లు 1925లో గాని చట్టం కాలేదు. దాని చెల్లుబాటుపై సందేహాలు రాగా 1927లో మళ్ళీ శాసించవలసి వచ్చింది. సంస్కృత పండితుడే ఈ పని తలపెట్టడం ఎదుటివారికి మింగుడుపడలేదేమో!

ఆయనపై విమర్శలూ తక్కువ కాదు. ఆంగ్లేయుల నీడన పదవి చేశారని జాతీయవాదులు తప్పుపట్టారు. 1923 నవంబరులో సాటి తెలుగువాడు కట్టమంచి రామలింగారెడ్డిగారే శాసనసభలో అవిశ్వాస తీర్మానం తెచ్చారు. 44కు 65 ఓట్లతో ప్రభుత్వం నిలిచింది. 1926 ఎన్నికల్లో మాత్రం పార్టీకి మెజారిటీ రాలేదు. రెండేళ్ళకు, 1928 డిసెంబరు 16న రాజావారు కన్నుమూశారు.

దేశీయ వైద్యాన్ని పరిశీలించిన ఉస్మాన్ సంఘం నివేదిక 1923లో వచ్చింది. ఆ వెంట 1925లో ఆయుర్వేదం, సిద్ధ, యునాని నేర్పే సర్కారు పాఠశాల మద్రాసులో తెరిచారు. వైద్యరత్న శ్రీనివాసమూర్తిగారు దానికి తొలి ప్రిన్సిపాలు. కాలక్రమాన అది కళాశాల అయింది. ఆ ఆవరణలోనే 1960లో కీల్పాక్ వైద్యకళాశాల మొదలయింది.